శివరాత్రి దాకా ఆ మూల వాటికి వదలండి

కాలనీ పెద్దలకు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లకు, ఇంట్లో కుక్కనో పిల్లినో సాదుకుంటున్న ప్రతి కుటుంబానికి!

మన కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ వెనక, ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు. "సెల్లార్ వాసనొస్తోంది, తీయించండి" అని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. చాలామంది సరేనన్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. రాత్రి తల్లి తిండి వెతుక్కుంటూ బయటికి వెళ్లగానే పిల్లల్ని గోనెసంచిలో వేసి, కాలనీ చివర ఖాళీ ప్లాటులో కుమ్మరించి వచ్చి, సెల్లార్ గేటుకు తాళం వేశారు. ఆ రాత్రి ఆదిలాబాద్‌లో ఎంత చలి ఉందో మీకు చెప్పక్కర్లేదు. తల్లి తెల్లారేదాకా ఆ గేటును గోకుతూ ఏడ్చింది. పొద్దున గ్రూపులో ఇంకో ఫిర్యాదు వచ్చింది, కుక్క అరుపులకు నిద్ర లేదని. అప్పటికి పిల్లలు ఐదూ మంచుకు తడిసి బిగుసుకుపోయి ఉన్నాయి.

అడిగితే "చలికి చచ్చాయి" అంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. జనరేటర్ వెనక ఉన్నన్నాళ్లూ అవి అదే చలిలో బతికే ఉన్నాయి. తల్లి పొట్ట కింద ఉన్నాయి కాబట్టి బతికాయి. ఆ పొట్ట కిందినుంచి లాగి పారేసింది మనుషులు.

మేము కోరేది ఒక్కటే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ప్రతి అపార్ట్‌మెంట్, ప్రతి షాపు వరస, ప్రతి ఫంక్షన్ హాల్ తమ ఆవరణలో గాలి తగలని, తడి చేరని ఒక మూలను కుక్కలకూ పిల్లులకూ వదలాలి. పిల్లల తల్లిని ఆ నెలల్లో ఎవరూ కదిలించకూడదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా చాలు.

చలికాలంలోనే ఇన్ని కుక్కపిల్లలు ఎక్కడివని విసుక్కునేవాళ్లు కార్తెలు గుర్తు చేసుకోండి. చిత్త కార్తె అక్టోబరు నడుమ వస్తుంది. అప్పుడు జత కట్టిన కుక్కకు నెలలు నిండేది సుమారు అరవైమూడు రోజులకు. అంటే సరిగ్గా డిసెంబరు నడుమ, ఆర్లి(టి), సిర్పూర్(యు) పేర్లు చలి వార్తల్లో పేపర్లలో పడే రోజుల్లో. మన జిల్లాలో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే వారాలూ, వీధికుక్కలు ఈనే వారాలూ ఒక్కటే. ఏటా ఇదే జరుగుతుంది. ఏటా కమిటీలు ఇప్పుడే కొత్తగా చూసినట్టు ఉలిక్కిపడి సంచీ వెతుకుతాయి.

ఆ సంచీలో ఏం జరుగుతుందో తెలుసుకోండి. పెద్ద కుక్క ఒంటి వేడి మామూలుగా ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది డిగ్రీల సెంటిగ్రేడ్. మనకంటే ఎక్కువ. కానీ పుట్టిన కూనకు మొదటి రెండు వారాలు తన వేడిని తాను నిలబెట్టుకునే శక్తి లేదు. మొదటి రోజుల్లో దానికి వణకడం కూడా చేతకాదు. దాని వేడి అంతా తల్లి ఒంటి నుంచి, పక్కన అంటుకుని పడుకున్న తోబుట్టువుల నుంచి వస్తుంది. తల్లిని వేరు చేస్తే వేడి, పాలు, పాలతో వచ్చే రోగనిరోధక శక్తి మూడూ ఒకేసారి పోతాయి. ఒళ్లు చల్లబడ్డ కూనకు పేగులు కదలవు. అందుకే జాలిపడి వెంటనే పాలు పట్టినా అది చచ్చిపోతుంది. అలాంటి కూన కనిపిస్తే ముందు పొడిగుడ్డతో తుడిచి, మీ ఒంటికి ఆనించి, లేదా గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి మెల్లగా వేడెక్కించాలి. కదలిక వచ్చాకే పాలు. అవి కూడా ఆవుపాలు, గేదెపాలు కావు, కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి కలిపినవి. అన్నిటికన్నా మంచి వైద్యం దాన్ని తల్లి దగ్గర వదలడం. జనరేటర్ వెనకే వదిలేసి ఉంటే ఆ ఐదింటికీ ఆ వైద్యం అందేది.

"వేరే చోటికి మార్చాం, అంతే" అంటారు. ఏ చోటికి? ఖాళీ ప్లాటు చోటా? డంపింగ్ యార్డు చోటా? మావల దారిలో తుప్పలు చోటా? తల్లిని కూడా తీసుకెళ్లారా? తల్లి వచ్చేదాకా ఆగారా? పక్కన గుప్పెడు గడ్డి అయినా వేశారా? మార్చడమంటే కొత్త చోటు చూసిపెట్టడం. మీరు చేసింది పారేయడం. ఈ పనికి ప్రతిసారీ వాచ్‌మన్‌నే పంపుతారు. నెల జీతం మీద బతికే మనిషి కాదనలేడు. సంచీ మోసినవాడి మొహం కాలనీకి తెలుసు, మోయించినవాళ్లు మాత్రం లిఫ్టులో పైకి వెళ్లి హీటర్ వేసుకుని పడుకున్నారు. వాచ్‌మన్లను ఎవరూ ఒక్క మాట అనొద్దని ఈ కరపత్రం ముఖంగా వేడుకుంటున్నాను. అడగాల్సింది ఆదేశం ఇచ్చినవాళ్లను.

సంచీ అక్కర్లేని క్రూరత్వం ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున పైపు పెట్టి సెల్లార్ కడగడం. రాత్రంతా ముడుచుకున్న కుక్కకు ఒంటి నిండా చన్నీళ్లు పడి, ఎండ వచ్చేదాకా మూడు గంటలు అలాగే ఉంటే దాని గతేమిటి? మన నాటుకుక్కకు బొచ్చు పలచన. తడిస్తే ఆ పలచటి బొచ్చు కూడా పనికిరాదు. కడగొద్దని అనడం లేదు. పదకొండు గంటలకు, ఎండలో కడగండి.

మన తాతలు ఇలా లేరు. అరుగు మీద ఒక కుక్క ఉండేది, దానికి ముద్ద పెట్టకుండా తలుపు వేసేవాళ్లు కాదు. రాత్రి వంట అయ్యాక పొయ్యి బూడిదలో పిల్లి ముడుచుకునేది, పొద్దున దాన్ని లేపి గానీ పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. గొర్లమంద దగ్గర కురుమల కుక్క మనిషితో పాటే మంట పక్కన పడుకునేది. కాలభైరవుడి వాహనం కుక్క. ఇసన్నపల్లి, రామారెడ్డి కాలభైరవ స్వామికి మొక్కేవాళ్లు మనలో ఎంతమంది లేరు? కాలభైరవాష్టమి వచ్చేది కూడా కార్తీకంలోనే, చలి మొదలయ్యే వేళకే. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ రెండింటికీ వైద్యం ఏర్పాటు చేశానని ఆ రాజు రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడి వెనక చెప్పుకున్నాడు. భారతం తీయండి. జనమేజయుడి యజ్ఞశాల దగ్గరికి వచ్చిన సరమ కొడుకును, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను, రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. తల్లి వచ్చి నిలదీసింది, శపించింది. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే ఈ కథ వస్తుంది. చివర్లో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. ఆ భారతాన్ని ప్రవచనాల్లో విని కళ్లు తుడుచుకున్నవాళ్లే ఇంటికొచ్చి గ్రూపులో "తీయించండి" అని రాస్తే నేను ఊరుకోను.

ఇక మర్యాదగా అడగడం ఇక్కడితో అయింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పదకొండో సెక్షన్ చదవండి. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం నేరం. పెంచే జంతువుకు తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. మొదటిసారి శిక్ష ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయల జరిమానా. ఆ అంకె దశాబ్దాల కిందట రాసిందే. బేకరీలో ఒక పఫ్, ఒక టీ ఖర్చుతో చట్టం చేతులు దులుపుకుంటుంది. ఐదు ప్రాణాలకు ఆ వెల ఏమిటని మన ఎంపీని, ఎమ్మెల్యేను అడగాల్సిన సమయం వచ్చింది. కానీ కమిటీ వాళ్లు యాభై రూపాయలే కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపితే, విషం పెడితే, అవిటిదాన్ని చేస్తే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈసారి సంచీ బయటికి వస్తే ఫిర్యాదు ఠాణాకు వెళ్తుంది. ఆదేశం ఎవరిచ్చారో గ్రూపులో రాతపూర్వకంగానే ఉంది.

సుప్రీంకోర్టు తీసేయమంది కదా అని కొందరు వాదిస్తున్నారు. 2025 ఆగస్టు 22 నాటి ఆదేశం చదివారా? సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, కుక్కను పట్టిన చోటే తిరిగి వదలమంది. రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి మాత్రమే మినహాయింపు. నవంబరు 7 నాటి ఆదేశం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల గురించి. ఆ పని మున్సిపాలిటీది, షెల్టర్లది. పాలు తాగే కూనల్ని రాత్రిపూట ఖాళీ ప్లాటులో కుమ్మరించమని ఏ కోర్టూ చెప్పలేదు. 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో ఇరవయ్యో నియమం వీధి జంతువుల తిండి ఏర్పాటు బాధ్యతను నేరుగా నివాసుల సంఘాల మీద, అపార్ట్‌మెంట్ సంఘాల మీద పెట్టింది. పిల్లలాడే చోటికి, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా చోటు చూపించమంది. ఇంతవరకూ మన కాలనీలో ఒక్క కమిటీ ఆ చోటు చూపించలేదు.

కుక్కకాటు భయం నిజమే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో పసివాడు చనిపోవడం ఎవరూ మరచిపోలేదు. దానికి మందు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు. సంచీ కాదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి వీధి వీధి వెతుకుతూ, దగ్గరికొచ్చిన ప్రతివాడి మీదా తిరగబడుతుంది. ప్రశాంతంగా పాలిచ్చే కుక్క కన్నా ఆ కుక్కతోనే కాలనీకి ప్రమాదం. కూనలకు రెండు నెలలు నిండి పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయించవచ్చు, పిల్లలకు టీకాలు వేయించవచ్చు. ముందు మనుషుల సంగతి చూడండి అంటారా? బస్టాండు దగ్గర దుప్పట్లు పంచడానికి వచ్చేవాళ్లూ, కుక్కలకు గడ్డి పరిచేవాళ్లూ చాలావరకు ఒకళ్లే. మీరూ రండి.

ఇంట్లో పెంచుకునేవాళ్లకూ చెప్పాలి, ఎందుకంటే గేటు లోపలి కథ గేటు బయటి కథ కన్నా గొప్పగా లేదు. ల్యాబ్రడార్‌ను వేలకు వేలు పోసి కొని, రాత్రి టెర్రస్ మీద బండల మీద కట్టేస్తున్నారు. ముసలి కుక్కకు ఆ చల్లటి బండ మీద కీళ్లు పట్టేస్తాయి. లోపలికి తీసుకురండి, కింద పట్టా వేయండి. నీళ్లు చలికాలంలోనూ పెట్టాలి. జలుబు చేసిందని మీ పారాసిటమాల్ బిళ్ల పిల్లికి వేయకండి. పిల్లి శరీరం ఆ మందును అరిగించుకోలేదు, ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి. కుక్కకు కూడా డాక్టరు చెప్పకుండా మన నొప్పి బిళ్లలు వద్దు. కర్పూరం, యూకలిప్టస్ నూనె ఉన్న లేపనాలు పిల్లికి పూయకండి, నాకి మింగేస్తుంది. బీరువాలోంచి తీసిన ఉన్ని దుప్పటి నాఫ్తలీన్ ఉండల వాసనతోనే వాటి కింద వేయొద్దు, రెండు రోజులు ఎండలో ఆరేశాక వేయండి. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే మీకూ వాటికీ కూడా ప్రాణాపాయం.

కారున్నవాళ్లు పొద్దున తాళం తిప్పేముందు బానెట్ మీద గట్టిగా రెండు సార్లు కొట్టండి, వంగి చక్రాల కింద చూడండి. రాత్రి ఇంజిన్ వేడికి పిల్లులు లోపలికి ఎక్కుతాయి, కూనలు టైరు పక్కన పడుకుంటాయి.

గూడుకు ఖర్చేమీ లేదు. పాత టీవీ అట్టపెట్టెకు ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండు ఇటుకల మీద నేలకు ఎత్తుగా పెట్టి, ద్వారం చిన్నగా కోసి గాలి రాని వైపు తిప్పండి. లోపల గోనెసంచి, గుడ్డలు వేస్తే మంచుకు తడిసి ఇంకా చల్లబడతాయి. వరిగడ్డి వేయండి. గడ్డి మధ్య నిలిచే గాలి వేడిని పట్టి ఉంచుతుంది, త్వరగా ఆరుతుంది. వానాకాలం కోతలు అయ్యాయి, నిర్మల్ వైపు కల్లాల్లో గడ్డికి కొదవ లేదు. వారానికోసారి మార్చండి. రాత్రి పడుకునే ముందు వెచ్చటి అన్నంలో ఉడికిన గుడ్డు కలిపి పెడితే ఆ తిండే వాటికి తెల్లారేదాకా ఒంట్లో వేడి.

ఈ ఆదివారం పది గంటలకు కాలనీ కమ్యూనిటీ హాలులో సమావేశం. ప్రతి అపార్ట్‌మెంట్ కమిటీ నుంచి అధ్యక్షుడో కార్యదర్శో రావాలి. పెట్టబోయే తీర్మానంలో నాలుగే మాటలు: శివరాత్రి దాకా ఒక పొడి మూల, పిల్లల తల్లిని కదిలించకపోవడం, సెల్లార్ కడగడం పదకొండు తర్వాతే, పాలు మానగానే ఆపరేషనుకూ టీకాలకూ మున్సిపాలిటీకి కాలనీ పేరుతో దరఖాస్తు. సంతకం పెట్టిన కమిటీల పేర్లు, పెట్టనివాళ్ల పేర్లు రెండూ హాలు బోర్డు మీద ఉంటాయి. వచ్చేవాళ్లు ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు తెండి. గడ్డికి ట్రాలీ ఆటో మాట్లాడాం, పదకొండున్నరకు వస్తుంది. దించుకోవడానికి నలుగురు మగపిల్లలు, పెట్టెలు కోయడానికి కత్తులు కావాలి.