పురిటి గదిలోకి అమ్మను రానివ్వండి

ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో నెలలు నిండుతున్న ఆడపడుచులకు, వాళ్ళ అమ్మలకు, అత్తలకు, భర్తలకు. ప్రభుత్వాసుపత్రుల సూపరింటెండెంట్లకు, డాక్టర్లకు, సిస్టర్లకు మనవి.

మొదటి కాన్పు పుట్టింటివాళ్ళ బాధ్యత అన్నది మన వైపు ఇప్పటికీ చెదరని కట్టుబాటు. సీమంతం చేసి, గాజులు తొడిగి, చీర పెట్టి అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకుంటాం. నొప్పులొచ్చే వేళకు అమ్మ పక్కన ఉండాలనే కదా ఇదంతా! తీరా ఆ వేళ వచ్చి, ఆటోలోనో 108లోనో ఆసుపత్రికి చేరాక లేబర్ రూం తలుపు దగ్గర అమ్మను ఆపేస్తారు. బట్టల సంచీ, ఆధార్ కార్డు, స్కానింగ్ కాగితాలు పట్టుకుని ఆమె వరండాలో నిలబడుతుంది. లోపల ఆ పిల్ల పేరూ ఊరూ తెలియని మనుషుల మధ్య, బల్ల మీద వెల్లకిలా పడుకుని గంటలు లెక్కపెడుతుంది. పక్క బల్ల మీద ఇంకొకామె అరుస్తుంటే తన వంతు ఎప్పుడా అని వణుకుతుంది. తొమ్మిది నెలలు కళ్ళలో పెట్టుకుని చూసుకున్న పిల్లను, మనిషి తోడు అన్నిటికంటే అవసరమైన ఆ కొద్ది గంటలూ ఒంటరిని చేస్తున్నాం.

ఆ తలుపు తియ్యమని అడుగుతున్నాం. నొప్పులు మొదలైంది లగాయతు బిడ్డ పుట్టేదాకా, తాను కోరుకున్న ఒక మనిషి ప్రతి తల్లి పక్కన ఉండాలి. ఆమెను లేచి నడవనివ్వాలి. నొప్పిని ఎలా తట్టుకోవాలో ముందే నేర్పాలి.

ఇది గొంతెమ్మ కోరిక అనుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు వేళ తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 ఫిబ్రవరిలోనే నిర్ణయించింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి తోడుండవచ్చు. ఆమెకు అంటురోగాలు ఉండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, చివరిదాకా ఉండాలి, డాక్టర్ల పనికి అడ్డం రాకూడదు, పక్క బల్లల జోలికి పోకూడదు. ఇవే షరతులు. తెరలు కట్టి మరుగు కల్పించిన చోట భర్తను కూడా రానివ్వవచ్చని అందులోనే ఉంది. 2017 డిసెంబరులో లేబర్ రూంల బాగు కోసం మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా ఇదే చెప్పింది: తోడు మనిషి, మరుగు, తల్లికి వీలైన భంగిమ, మర్యాద. నిర్ణయం ఉంది, మార్గదర్శకాలు ఉన్నాయి. ఇన్నేళ్ళయినా చాలాచోట్ల తలుపు మాత్రం మూసే ఉంది.

ఇక అసలు విషయానికి, నొప్పికి వద్దాం. పైదేశాల్లో కొందరు ఆడవాళ్ళు మందు వద్దని, సహజంగా కంటామని ముందే నిర్ణయించుకుంటారు. దానికి తరగతులు, పుస్తకాలు, పక్కన కూర్చునే మిడ్‌వైఫ్ అన్నీ ఉంటాయి. మన దగ్గర మందు లేని కాన్పు ఎవరూ ఎంచుకున్నది కాదు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ సూది డబ్బు పెట్టుకోగలిగినవాళ్ళకే గానీ సర్కారు ఆసుపత్రికి వెళ్ళే కూలీ ఇంటి కోడలికి దాదాపు అందని సంగతి. అంటే నొప్పి మొత్తం ఆమే భరించాలి. సరే, మందు లేనప్పుడు ఆ లోటు తీర్చేవి ఏమున్నాయి? నడక, నీళ్ళు, నడుము రుద్దే చెయ్యి, ధైర్యం చెప్పే గొంతు. వాటినీ తలుపు బయటే ఆపేస్తున్నాం. మందూ ఇవ్వరు, మనిషినీ ఇవ్వరు! ఈ కరపత్రం రాయడానికి ఇదే కారణం.

పురిటి నొప్పి గురించి కడుపుతో ఉన్న పిల్లకు మనం చెప్పేది రెండే మాటలు. ఒకటి ‘చచ్చి బతికినట్టే’, రెండోది ‘ఓర్చుకోవాలి’. రెండూ పనికిరావు. మొదటిది భయపెడుతుంది, రెండోది ఎలాగో చెప్పదు. చెప్పాల్సింది వేరే ఉంది. పురిటి నొప్పి ఆగకుండా వచ్చేది కాదు, విడతలు విడతలుగా వస్తుంది. బాగా ఊపందుకున్నాక కూడా ఒక్కో నొప్పి సుమారు నిమిషం, మహా అయితే నిమిషన్నర. మెల్లగా పెరిగి, పతాక స్థాయికి చేరి, దానంతట అదే దిగిపోతుంది. ఆ తర్వాత కాసేపు తెరిపి. తెరిపిలో ఒళ్ళు వదిలేసి, కళ్ళు మూసుకుని, గుక్కెడు నీళ్ళు తాగగలిగిన మనిషికి తర్వాతి నొప్పికి సత్తువ మిగులుతుంది. భయంతో బిగుసుకుపోయిన మనిషికి ఆ తెరిపి కూడా నొప్పిలాగే గడుస్తుంది. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. గర్భసంచిని ముడుచుకునేట్టు చేసే ఆక్సిటోసిన్‌కు అది విరోధి. కాబట్టి లేబర్ రూంలో ఆమెను కసురుకుని భయపెట్టినంత మాత్రాన కాన్పు తొందరగా అవదు, పైగా ఆలస్యమయ్యే వీలుంది.

నొప్పి ఎక్కేటప్పుడు ముక్కుతో గాలి నింపాదిగా తీసుకుని, నోటితో ఇంకా నింపాదిగా వదలాలి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. దవడ, భుజాలు, పిడికిళ్ళు బిగించకూడదు. తోడున్న మనిషి చూసి ‘భుజాలు వదులమ్మా’ అని గుర్తుచేస్తే చాలు. మూలిగితే తప్పులేదు. లోగొంతుతో ‘ఊఁ’ అని మూలగడం ఊపిరిని పొడుగు చేస్తుంది. ‘అరవకు’ అని గదమాయించడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. నడుము కింద, వెన్ను చివర ఉండే పలక ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా అదిమిపెడితే నడుంనొప్పిగా వచ్చే పురిటి నొప్పి చాలామందికి తగ్గినట్టు ఉంటుంది. రుద్దుడు, వత్తుడు నొప్పి కబురు మెదడుకు పోయే దారిలో అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతం చెప్పారు. మన పెద్దవాళ్ళు ఆ కారణం తెలియకుండానే అదే పని చేశారు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ నడుము మీద వేసినా, వేణ్ణీళ్ళ స్నానం చేయించినా సుఖమే.

అన్నిటికంటే ముఖ్యం వెల్లకిలా పడుకోకపోవడం. నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కన ఉన్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. తల్లికి కళ్ళు తిరగవచ్చు, బిడ్డకు రక్తం తగ్గవచ్చు. నిలబడి గోడకు ఆనుకోవచ్చు. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని దాని వీపు మీద వాలవచ్చు. అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడవచ్చు. ఏమీ చేతకానప్పుడు పక్కకు తిరిగి పడుకోవచ్చు. నొప్పులు పడే తొలి దశలో నడుస్తూ, నిలబడుతూ ఉన్నవాళ్ళకు ఆ దశ సుమారు గంటా ఇరవై నిమిషాలు తగ్గిందని 2013లో అనేక పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఒక్క రూపాయి ఖర్చులేని మందు ఇది.

తోడు మనిషి సంగతీ అంతే. 2017లో ఇంకో కాక్రేన్ సమీక్ష 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను, 15 వేలకు పైగా తల్లులను లెక్కలోకి తీసుకుంది. ఎడతెగకుండా పక్కన మనిషి ఉన్నవాళ్ళకు మామూలు కాన్పులు ఎక్కువ జరిగాయి, ఆపరేషన్లు తగ్గాయి, నొప్పుల సమయం తగ్గింది, నొప్పి మందు వాడినవాళ్ళూ తగ్గారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో తోడు, నడక, మర్దన, ఇబ్బందులు లేని తల్లికి తిండీ నీళ్ళూ అన్నీ ఉన్నాయి. పొట్ట మీద ఎక్కి నొక్కవద్దని, అందరికీ అలవాటుగా కోత పెట్టి కుట్లు వేయవద్దని కూడా అందులో ఉంది. మజ్జిగో కొబ్బరినీళ్ళో తాగనివ్వకుండా పన్నెండు గంటలు ఎండగట్టే ఆచారం ఎక్కడినుంచి వచ్చిందో గానీ అది పోవాలి.

పాత రోజులు బంగారమని మేము అనడం లేదు. మంత్రసాని నడుము రుద్దింది నిజం, నడిపించింది నిజం, తెల్లవార్లూ కదలకుండా పక్కన కూర్చుంది నిజం. రక్తం ఆగకపోతే, గుర్రపువాతం వస్తే ఆమె ఏమీ చేయలేకపోయిందన్నదీ అంతే నిజం. ఆ రోజుల్లోనే బెజవాడలో స్త్రీల వైద్యురాలు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి మామూలు ఆడవాళ్ళకు తెలిసేలా తెలుగులో పుస్తకం రాశారు; 1957లో ఈ ఊరు ఆమెను లోక్‌సభకు పంపింది. తెలిసిన తల్లి భయపడదని నమ్మిన ఊరు ఇది. 2019–21 నాటికే మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రిలోనే. 2018–20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే మన రాష్ట్రంలో 45. ఈ ఘనతలో రాత్రింబవళ్ళు నిలబడి పనిచేసే సిస్టర్ల చెమట ఉంది. ప్రాణం కాపాడిన చోటే మర్యాద కూడా దక్కాలని అడగడం వాళ్ళను తప్పుపట్టడం అవదు.

ఆ మర్యాద దొరకనప్పుడు ఏమవుతోందో చూడండి. లేబర్ రూంలో చెంప దెబ్బ తిన్నవాళ్ళు, కాగితం మీద పెట్టలేని ఎత్తిపొడుపు విన్నవాళ్ళు మన వీధిలోనే ఉంటారు, అడిగితే చెబుతారు. ఆ కథలు విన్న చెల్లెలు ‘నాకు ఆ నొప్పులొద్దు, ఆపరేషన్ చేయించెయ్యండి’ అంటుంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 63. ఇందులో నిజంగా అవసరమైనవి ఉన్నాయి, వాటికి చేతులెత్తి దండం పెట్టాలి. డబ్బు లెక్కలూ ఉన్నాయి. పంతులుగారు పెట్టిన ముహూర్తాలూ ఉన్నాయి. పుట్టే వేళను బిడ్డకు వదిలెయ్యకుండా పంచాంగానికి అప్పగించడంలో బెజవాడ ఎవరికీ తీసిపోదు. కానీ భయం వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. సూర్యారావుపేట ఆసుపత్రుల వీధుల్లో అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న కుటుంబాలను అడగండి, సగం కథ భయంతోనే మొదలవుతుంది.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. నొప్పి మందు అడిగిన తల్లి పిరికిది అనుకోకూడదు. ఓర్చుకోవడం పతకం ఇచ్చే పోటీ ఏమీ కాదు. మందు కావాలన్నవాళ్ళకు మందు, వద్దన్నవాళ్ళకు తోడు. నిజానికి ఇద్దరికీ తోడు.

గది చిన్నది, జనం ఎక్కువ అని సిబ్బంది అంటారు. ఒక తల్లికి ఒకే మనిషి. వరండాలో పది మంది ఉన్నా లోపలికి ఒక్కరే. బల్లకూ బల్లకూ మధ్య ఒక తెర, పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఉతికిన గౌను. వీటికి ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులు చాలవంటే నమ్మశక్యంగా లేదు. చాలకపోతే ఊళ్ళో కుర్చీలు కొనిచ్చే దాతలకు కొదవ లేదు. ఇన్ఫెక్షన్ భయానికి చేతులు కడిగించండి, చెప్పులు విప్పించండి. సిస్టర్ మీద పనిభారం అంటారా, ఆరుగురు తల్లులను ఒక్కతే చూసుకుంటున్న సిస్టర్‌కు నీళ్ళు పట్టేవాళ్ళు, నడుము పట్టేవాళ్ళు, ‘రక్తం ఎక్కువ పోతోంది, చూడండి’ అని పిలిచేవాళ్ళు దొరకడం సాయమే అవుతుంది.

సిస్టర్ల సంఖ్య పెంచాలన్నది నిజమే. కాన్పులు చూడటమే పనిగా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సులు కావాలి. 2017లో కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి ప్రభుత్వ నర్సులకు ఏడాదిన్నర శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడు డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. బెజవాడ పెద్దాసుపత్రికి, మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ఆసుపత్రులకు అలాంటి నర్సులను ముందుగా ఇవ్వాలి.

నేర్పడానికి రోజు వెతుక్కోనక్కరలేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు పరీక్షలకు వస్తారు, గంటల తరబడి బెంచీల మీద కూర్చుంటారు. ఆ కూర్చున్న సమయంలోనే ఊపిరి, భంగిమలు, నడుము వత్తడం నేర్పవచ్చు. తల్లితో పాటు రేపు తోడుండబోయే మనిషికీ నేర్పాలి. తొలి నొప్పులకే పరుగెత్తకుండా ఇంట్లో నడుస్తూ, తింటూ, నిద్రపోతూ ఎంతసేపు ఉండవచ్చో కూడా చెప్పాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా, బీపీ ఉన్నా, ముందు కాన్పు ఆపరేషన్ అయినా, నెలలు నిండకుండా నొప్పులొచ్చినా క్షణం ఆగకూడదు. నాగాయలంక, కోడూరు వైపు లంక ఊళ్ళవాళ్ళు దూరాన్ని లెక్క వేసుకుని ముందే బయల్దేరాలి. వాళ్ళ కోసం ఆసుపత్రి దగ్గరే నాలుగు రోజులు ఉండే వసతి కల్పించాలి.

నెలలు నిండిన పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ మా మనవి ఇది. వచ్చే 9వ తేదీన మీ ఆసుపత్రిలో అడగండి: ‘మా అమ్మాయి కాన్పుకి లోపల ఒకరం ఉంటాం, 2016 నుంచి అనుమతి ఉంది కదా?’ అని. ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఉండకూడదంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఆ కాగితంతో సోమవారం బెజవాడలోనో మచిలీపట్నంలోనో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక్క ఇంటి అర్జీ పక్కన పడిపోవచ్చు. వీధికి ఒకటి చొప్పున వస్తే పక్కన పెట్టలేరు.