అమ్మను తీసుకొచ్చే ముందు అడిగారా?

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని అన్నదమ్ములం ముగ్గురం అమ్మ సంగతి తేల్చేశాం. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఒక్కతే ఎలా ఉంటుంది? హైదరాబాద్‌లో మా ఇంటికి తీసుకెళ్లాలి. ఇల్లు అద్దెకివ్వాలి. నెలలోపు అన్నీ అయిపోవాలి. ఆ సమయంలో అమ్మ వంటింట్లో మాకే కాఫీ కలుపుతోంది. గ్లాసులు తెచ్చిచ్చాక విషయం చెప్పాం. ‘‘సరే, మీ ఇష్టం’’ అంది. ఒప్పుకుంది కదా అని స్థిమితపడ్డాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి ‘సరే’ ఒకటి వినిపించి ఉంటే, ఇది మీకోసమే రాస్తున్నాను.

హైదరాబాద్ వచ్చిన నాలుగో రాత్రి అమ్మ బాత్రూమ్‌కని లేచింది. కుడివైపు నాలుగడుగులు వేసి, బీరువాకు తగిలి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో కట్టు వేస్తూ డాక్టర్ ఒకే ప్రశ్న అడిగారు: ‘‘ఊళ్లో మీ మంచానికి బాత్రూమ్ ఎటువైపు ఉండేదమ్మా?’’ కుడివైపు. మా ఇంట్లో ఎడమవైపు. నలభై ఏళ్లుగా నిద్రమత్తులో కూడా తప్పని దారి అది. అమ్మ ఆ దారినే నడిచింది.

అమ్మకోసం మేం ఏసీ పెట్టించాం, కొత్త పరుపు కొన్నాం. ‘నీకేం భయం లేదు, మేమున్నాం’ అని రోజుకు నాలుగుసార్లు చెప్పాం. రాత్రి వెలిగే చిన్న లైటు ఒకటి పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ధైర్యం చెబితే సరిపోదు

పెద్దవాళ్లు చోటు మారినప్పుడు ఒంటికీ మనసుకూ కష్టమవుతుందనేది కొత్త విషయం కాదు. ఈ ఇబ్బందిని ఉత్తర అమెరికా నర్సింగ్ డయాగ్నసిస్ సంఘం 1992లోనే ‘రీలొకేషన్ స్ట్రెస్ సిండ్రోమ్’ పేరుతో తన జాబితాలో చేర్చింది. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, ఆందోళన, ఎవరితోనూ కలవకపోవడం, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం... మనం ‘చాదస్తం’ అని కొట్టిపారేసేవి ఇందులో చాలా ఉంటాయి.

మార్పు మంచిదే కావచ్చు. మీ ఉద్దేశం కూడా మంచిదే. అయినా ఆ మార్పులోకి వెళ్తున్న మనిషికి నాలుగు విషయాలు తెలియాలి. ఏం జరగబోతోంది? ఏం మారకుండా ఉంటుంది? ఇందులో నా మాట చెల్లుతుందా? నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉందా? వీటికి జవాబు దొరక్కుండా ఎంత ప్రేమ చూపించినా ఆ మనిషికి కాలు నిలవదు. ఇది నా అభిప్రాయం. అమ్మ మణికట్టు విరిగాక ఏర్పడిన అభిప్రాయం.

ముందే చెప్పండి, చూపించండి

వీలైతే ఒకేసారి సామాను సర్దించకండి. ముందు పదిహేను రోజులో, నెలో ఉండి వెళ్లమనండి. అప్పటివరకు ఊళ్లో ఇల్లు అలాగే ఉంచండి. వచ్చాక లిఫ్ట్ ఎలా నొక్కాలో, గీజర్ ఎటు తిప్పాలో, తలుపు లోపల గడియ ఎలా తీయాలో పగటిపూట, తీరిగ్గా, మీరు పక్కన ఉండి రెండు మూడుసార్లు చేయించండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి లైటు, లోపల పట్టుకోవడానికి గోడకు గట్టి రాడ్డు, కాలికి అడ్డుపడే చాపలు తీసేయడం... వీటికయ్యే ఖర్చు ఏసీ ముందు ఏమాత్రం?

పాతవి కొన్ని పాతగానే ఉంచండి. ఎప్పుడూ పడుకునే మంచం, తాగే గ్లాసు, లేచే వేళ, కాఫీ వేళ, పూజ వేళ. ‘ఆ పాత గిన్నెలెందుకు, ఇక్కడన్నీ ఉన్నాయిగా’ అనకండి. ఊరి డాక్టర్ రాసిన చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందుల స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో పెట్టి తెచ్చుకోండి. కొత్త డాక్టర్‌కు ఆ సంచి మొత్తం చూపించండి. చోటు మారిన హడావిడిలో బీపీ మాత్ర మానేయడం, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు వేసుకోవడం తేలిగ్గా జరిగిపోతాయి.

ఒక మొక్క చెప్పిన సంగతి

మాట చెల్లడం ఎంత ముఖ్యమో చూపించిన ఒక అధ్యయనం ఉంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కనెక్టికట్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేశారు. ఒక అంతస్తులోని వాళ్లకు ‘మీ గది ఎలా సర్దుకోవాలో మీరే చెప్పండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే ఎంచుకోండి, నచ్చిన మొక్క తీసుకుని మీరే పెంచుకోండి’ అన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకు ‘మీ బాగోగులన్నీ మావే’ అని చెప్పి మొక్కలిచ్చారు. నీళ్లు నర్సులే పోశారు. మూడు వారాల తర్వాత చూస్తే, తమ పనులు తామే నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు.

చిన్న అధ్యయనమే. అయినా మన ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. ‘నువ్వేం చేయకమ్మా, హాయిగా కూర్చో’ అని మనం ప్రేమతోనే అంటాం. అరవై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి ఆ మాట ‘ఇక్కడ నీతో పనేం లేదు’ అన్నట్టు వినిపించవచ్చు. పోపు పెట్టడమో, పాలవాడి లెక్క చూడటమో, బాల్కనీలో మొక్కలో, చేతనైంది ఏదో ఒకటి పూర్తిగా వాళ్లకే వదిలేయండి. ఉప్పు ఎక్కువైందని మళ్లీ లాక్కోకండి.

తాళంచెవి

కట్టుతో ఉన్న ఆరు వారాల్లో ఒకరోజు అమ్మ నోరు తెరిచింది. ‘‘నన్నెవరడిగార్రా? ఏడాది మాసికాలు మనింట్లోనే పెడతారనుకున్నా. ఆ తర్వాత నేనే వద్దును.’’ అమ్మ రానని ఎప్పుడూ అనలేదు. పది నెలలు గడువు కావాలనుకుంది, అంతే. ఆ రోజు వరండాలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

అప్పటికే ఇంట్లో అద్దెకు దిగారు. వాళ్లతో మాట్లాడి, అద్దె కాస్త తగ్గించి, వెనక గది ఖాళీ చేయించి అమ్మ సామాను అందులో పెట్టాం. తాళంచెవి అమ్మకిచ్చాం. మిగిలిన మాసికాలకు తెనాలి వెళ్లొచ్చాం. ఆ తాళంచెవి బొడ్డున దోపుకున్నాకే అమ్మ హైదరాబాద్‌లో రాత్రి నిద్రపోవడం మొదలైంది. అమ్మకు ఈ ఊరు నచ్చిందని ఇప్పటికీ చెప్పలేను. భయం మాత్రం తగ్గింది.

‘అడిగితే రానంటారు, అక్కడ ఒంటరిగా పడిపోతే ఎవరు దిక్కు?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అడగడమంటే చెప్పిందల్లా ఒప్పుకోవడం కాదు. ‘నువ్వక్కడ ఒక్కదానివే ఉంటే మాకు భయంగా ఉంది, ఆ ఒక్కటి మేం తట్టుకోలేం’ అని సూటిగా చెప్పండి. ఎప్పుడు రావాలి, ఏం తెచ్చుకోవాలి, ఇల్లు ఏం చేయాలి అన్నవి వాళ్లకు వదలండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు పెద్ద నిర్ణయాలు భారమవుతాయి. అలాంటప్పుడు ‘ఈ చీరా, ఆ చీరా’ అన్నంత చిన్న ఎంపికలైనా ఇవ్వండి. ‘ఇంటికి వెళ్దాం’ అంటే వాదించకండి. అక్కడ ఏం గుర్తొచ్చిందో అడిగి, కాసేపు విని, చేయి పట్టుకోండి.

ఇంకో మాట. ఈ మార్పు అమ్మ ఒక్కదానిది కాదు. గది వదులుకున్న పిల్లాడిదీ, వంటగది పంచుకోవాల్సిన కోడలిదీ. మా ఇంట్లో నా భార్యను కూడా నేను అడగలేదు, చెప్పానంతే. పై నాలుగు ప్రశ్నలకు జవాబులు ఆమెకూ బాకీ ఉంటాయి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

చోటు మారాక పెద్దవాళ్లు గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి తికమకపడుతున్నా, లేనివి కనబడుతున్నాయంటున్నా, పగలంతా మగతగా ఉండి రాత్రి కలవరిస్తున్నా ‘కొత్త చోటు కదా’ అని సరిపెట్టుకోకండి. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మందుల తేడా... ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. నిద్ర పట్టడం లేదన్నారని మీ అంతట మీరు నిద్రమాత్రలు ఇవ్వకండి. వాటితో పడిపోయే ముప్పు పెరుగుతుంది.

రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, తిండి మానేసి బరువు తగ్గుతున్నా వైద్యుల సలహా తీసుకోండి. ‘ఎందుకు బతకాలి’ లాంటి మాటలు ఒక్కసారి వినిపించినా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే చూపించండి. మానసిక సహాయానికి టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ నంబర్ 14567.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆలోచన నడుస్తుంటే, టికెట్లు బుక్ చేసే ముందు ఒక్కసారి అమ్మ పక్కన కూర్చోండి. ‘నీకెలా ఉంటే బాగుంటుంది?’ అని అడగండి. ముందు ‘మీ ఇష్టం’ అనే అంటుంది. అక్కడితో లేచిపోకండి. ఇంకో కాఫీ మీరే కలిపి తెచ్చి, మళ్లీ అడగండి.