వరండాలో కూర్చున్న ఆడపడుచు

మా తమ్ముడూ మరదలూ విడిపోయి మూడేళ్ళు దాటింది. మొదటి రెండేళ్ళలో మూడుసార్లు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాం. సెలవులకీ పండక్కీ పాప ఎవరి దగ్గర ఉండాలన్నదే ప్రశ్న. మూడుసార్లూ పది నిమిషాల్లో మాట పెళ్ళినాటి పెట్టుపోతల మీదికి వెళ్ళిపోయింది. ఆడపడుచు కట్నం సరిగ్గా ఇవ్వలేదని ఎత్తింది ఇంకెవరో కాదు, నేనే. పక్క గదిలో ఏడేళ్ళ పాప టీవీ సౌండు పెంచుకుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నా. పిల్లల సంగతి తేల్చేటప్పుడు మనలాంటివాళ్ళం ఆ గదిలో ఉండకూడదు. అత్తలూ, అమ్మమ్మలూ, నానమ్మలూ, బాబాయిలూ ఎవరూ.

2013లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, మన హైదరాబాదు హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులో. పెళ్ళైన మర్నాడే రెండువైపుల పెద్దలూ తిట్టుకుని చెప్పులు విసురుకున్నారు. కొత్త దంపతులు అప్పుడే విడిపోయారు. దాదాపు పద్నాలుగేళ్ళకి వాళ్ళ విడాకులు ఖాయం చేస్తూ, ఇలాంటి తగాదాల్ని మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని కోర్టు చెప్పింది.

మా కేసుని ఫ్యామిలీ కోర్టువాళ్ళు మీడియేషన్ సెంటరుకి పంపినప్పుడు "ఇంకో పంచాయితీ" అని నవ్వాను. కాదండీ. పెద్దమనిషి తీర్పు చెబుతాడు, మీడియేటరు చెప్పదు. ఆవిడ తమ్ముడితో విడిగా, మరదలితో విడిగా మాట్లాడి, ఆ తర్వాతే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. అక్కడ అన్న మాట రేపు కోర్టులో సాక్ష్యం కాదు కాబట్టి ఏం నోరు జారతామో అన్న భయం ఉండదు. ఫీజు కూడా లేదు. నన్ను మటుకు వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. తల కొట్టేసినట్టయింది.

నాలుగు సిట్టింగులకి ఒక కాగితం తయారైంది. తప్పెవరిదో అందులో ఎక్కడా లేదు. రెండో, నాలుగో శనివారం పొద్దున పదింటికి తమ్ముడు పాపని తీసుకెళ్ళాలి, ఆదివారం సాయంత్రం ఆరింటికి దింపాలి. గుమ్మం దగ్గరే దింపాలి. రోజూ రాత్రి ఏడున్నరకి నాన్నతో వీడియో కాల్, ఆ టైములో అమ్మ పక్కన ఉండకూడదు. సంక్రాంతి ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు. పాపకి ఉబ్బసం, అందుకని ఎవరింట్లో ఉన్నా ఇన్‌హేలరు తన బ్యాగులోనే ఉండాలి. స్కూల్లో మీటింగుకి ఇద్దరూ వెళ్ళొచ్చు. ఆఖరున, పాప వినేలా అవతలివాళ్ళని చెడ్డగా అనకూడదు, బంధువులు కూడా. ఆ "బంధువులు కూడా" నాకోసమే రాయించారని నాకు తెలుసు.

ఇది అందరికీ పనికొస్తుందనను. కొట్టేవాడి ఎదుట కూర్చోబెట్టి "సర్దుకుపోమ్మా" అనడం మధ్యవర్తిత్వం కాదు. భయపడి పెట్టే సంతకానికి విలువ లేదు. అక్కడ ముందు రక్షణ చూడాలి. ఇంకొందరు, మా అమ్మతో సహా, ఇది కాపురం కలిపే ఏర్పాటనుకుంటారు. మావాళ్ళు కలవలేదు, కలవరు కూడా. పాప మా వంశం కాబట్టి మాకే రావాలని అమ్మ వాదించేది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం మాత్రం పిల్లల క్షేమమే ముందు చూడమంటుంది.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ళింట్లోనో ఇలాంటి గొడవ నడుస్తుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. కేసు వేయకముందు కూడా అడగొచ్చు.

ఈ సంక్రాంతి పాప వాళ్ళమ్మ దగ్గర చేసుకుంది. అమ్మ అరిసెలు చేసి స్టీలు డబ్బాలో పెట్టి తమ్ముడి చేత పంపింది. మరదలు గుమ్మంలోనే నిలబడి తీసుకుందట. డబ్బా ఇంకా తిరిగి రాలేదు. అడగొద్దని అమ్మకి చెప్పాను.