అటక మీది డెస్క్‌టాప్‌ను దించే ముందు

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1న ఉచిత అపరిమిత నిల్వకు మంగళం పాడింది. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు ఉచితంగా మిగిలిన 15 జీబీలో ఎక్కడ పడతాయి? నెలనెలా అద్దె కట్టడం ఇష్టంలేనివాళ్లు ఇంట్లోనే సర్వర్ పెట్టుకుంటున్నారు. ఫొటోలకు ఇమ్మిచ్, సినిమాలకు జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆలోచన బాగానే ఉంది. పేచీ అంతా మొదటి అడుగులోనే: అటక మీద పాత డెస్క్‌టాప్ ఉందిగా, పైసా ఖర్చు లేదుగా!

ఖర్చు మీటరులో తిరుగుతుంది. 100 వాట్లు లాగే యంత్రం ఏడాదంతా ఆగకుండా నడిస్తే 876 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా ఏడు వేలు. మన టారిఫ్ స్లాబులది కాబట్టి, ఇంటి వాడకం మీద అదనంగా చేరే నెలకు 73 యూనిట్లు పై స్లాబు ధరకే పడతాయి. లాగిన కరెంటంతా చివరికి వేడే. మే నెలలో ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగాలి.

సర్వర్ కొనేవాళ్లు ప్రాసెసర్ వేగం అడుగుతారు. అడగాల్సింది ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు లాగుతుందని. ఇంటి సర్వర్‌కు రోజులో ఎక్కువసేపు పనే ఉండదు మరి. పాత డెస్క్‌టాప్ దొరికిపోయేది ఇక్కడే. దానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద 80 ప్లస్ అనే సామర్థ్య ముద్ర ఉన్నా, టైటానియం రకం మినహా, ఆ పరీక్ష మొదలయ్యేదే 20 శాతం లోడు దగ్గర. 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌కు అది 90 వాట్లు. ఖాళీగా ఉండి లోడు 30 వాట్లకు దిగితే ఎంత వృథా అవుతోందో ముద్ర చెప్పదు.

2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ టీడీపీ (డిజైన్‌లో లెక్కగట్టిన వేడి) 6 వాట్లే. దానితో తయారైన బుల్లి పీసీలైనా, ఆఫీసులు వదిలించుకునే సెకండ్ హ్యాండ్ మినీ పీసీలైనా ఖాళీగా ఉంటే 10 వాట్లకు అటూఇటూ. నెలకు ఏడు యూనిట్లు. అలాగని 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు నాలుగు తగిలిస్తే, తిరుగుతున్నంతసేపూ ఒక్కోటీ 5 వాట్ల చొప్పున ఆదాలో కొంత మింగేస్తాయి. ఒక పెద్ద డిస్కు, ఇంకోచోట దాని కాపీ చాలు.

పాత ల్యాప్‌టాప్ ఇంకా మేలు, బ్యాటరీయే యూపీఎస్. కాకపోతే నిత్యం నూరు శాతం ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ ఉబ్బవచ్చు. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే వీలుందో లేదో ముందు చూసుకోవాలి.

అసలు 24 గంటలూ ఎందుకు? ఫొటోల బ్యాకప్‌కు రాత్రి రెండు గంటలు చాలు. బయోస్‌లో అలారం పెడితే యంత్రం తనంతట తానే లేస్తుంది. అలా వాడితే ఆ 100 వాట్ల డెస్క్‌టాప్‌కూ నెలకు ఆరు యూనిట్లే.