ఎదురెదురు పేజీలు

బళ్ళు తెరిచే రోజులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒకటే చర్చ: పిల్లను తెలుగు మీడియంలో వెయ్యడమా, ఇంగ్లీషు మీడియంలో వెయ్యడమా? రేపు ఉద్యోగానికి ఇంగ్లీషు అక్కరకొస్తుందంటారు తండ్రిగారు. పాఠం తనకే అర్థం కాకపోతే పిల్లకెవరు చెబుతారంటుంది తల్లి. ఇద్దరి మాటా నిజమే. చిక్కల్లా, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని ఇద్దరూ అనుకోవడంలోనే ఉంది.

అయిదేళ్ళ పిల్ల బడికి వట్టి చేతులతో వెళ్ళదు. ఎక్కువ తక్కువలు, నిన్నలూ రేపులూ, 'ఎందుకూ' అని అడగడం, ఇవన్నీ ఇంటి భాషలో అప్పటికే నేర్చుకుని ఉంటుంది. లెక్కలే చూడండి. 'పదమూడు' అన్న మాటలో పదీ, మూడూ చెవికి వినబడుతూనే ఉంటాయి. ఇంగ్లీషువారి 'ఎలెవెన్', 'ట్వెల్వ్'లలో పది ఎక్కడుందో పిల్లలకు తెలియదు. తెలుగులో పదుల స్థానం గ్రహించిన పిల్ల ఇంగ్లీషులో నేర్చుకోవలసింది పేరొక్కటే. గ్రహించని పిల్ల పేరునూ, లెక్కనూ కలిపి బట్టీ పట్టాలి. పట్టలేక ఊరుకుంటే, పాపం, మొద్దు అన్న పేరు వస్తుంది.

ఈ సంగతి మనకు కొత్తదేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, సవర పిల్లలకు బళ్ళు పెట్టారు. ఆ పిల్లలకు తెలుగు కూడా పరాయి భాషే గదా! 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషల పిల్లలకు మొదటి పాఠాలు ఇంటి భాషలో చెప్పించి, క్రమంగా తెలుగులోకి తీసుకువెళ్ళే పద్ధతి ప్రారంభించింది. సైన్సు, లెక్కల పుస్తకాలు రెండు భాషల్లో ఉండాలని 2020 నాటి జాతీయ విద్యావిధానమూ చెప్పింది. 2022లో తెలంగాణ సర్కారు బళ్ళల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి పుస్తకాలు వచ్చాయి.

అయితే పేజీ తెలుగులో ఉన్నంతమాత్రాన పని అయిపోదు. 'ఫొటోసింథసిస్'కు నోరు తిరగని పిల్లకు 'కిరణజన్య సంయోగక్రియ' మాత్రం తిరుగుతుందా? "ఆకు ఎండ సాయంతో తన తిండి తానే తయారుచేసుకుంటుందమ్మా" అని చెప్పి చూడండి. సంగతి బోధపడ్డాక రెండు పేర్లూ సులువుగా గుర్తుంటాయి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు.

సాయంత్రం పుస్తకం తెరిచినప్పుడు ముందు తెలుగు పేజీ చదివించండి. పుస్తకం మూసి, సొంత మాటల్లో చెప్పమనండి. చెప్పిందా, ఇక ఇంగ్లీషు పేజీ చదివించండి. చెప్పలేకపోతే, ఇంగ్లీషులో ఎంత గడగడా అప్పజెప్పినా మురిసిపోకండి. మీ బడి పుస్తకంలో తెలుగు పేజీ లేదంటారా? ఆ పేజీ మీరే నోటితో చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదేమోనన్న భయం పెట్టుకోవద్దు. ఇంగ్లీషు బడిలో వస్తుంది. రావాలి కూడా.

ఇంగ్లీషు రాదని పిల్ల పుస్తకం దగ్గరనుంచి లేచి వెళ్ళే తల్లులు చాలామంది ఉన్నారు. వెళ్ళకండి. ఆ రెండో పేజీ మీకోసం కూడాను.