ఏం కాదు సార్, గట్టిగా కట్టాం!

తెలుగులో నాకు అస్సలు గిట్టని మాట ఒకటుంది: "ఏం కాదు". ప్లగ్గు లేని వైర్లని సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చేటప్పుడు అదే మాట. హెల్మెట్టుని మోచేతికి తగిలించుకుని బండి నడిపేటప్పుడూ అదే మాట. దీని గురించి రాయడం మొదలెడితే ఒక గ్రంథమే అవుతుంది కాబట్టి, ఇవాళ్టికి నా కోపాన్ని ఒక్క విషయానికే పరిమితం చేస్తాను. అది బస్సు డిక్కీలో బైకు.

ఈ సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా. మా కాప్రా, సైనిక్‌పురి, ఏ.ఎస్.రావు నగర్ వైపు కుర్రాళ్ళకి ఉద్యోగం బెంగళూరులోనో వైజాగ్‌లోనో వస్తుంది. బైకు ఇక్కడుంటుంది. రైల్లో పార్సిలు వేద్దామంటే ఆర్సీ కాపీ, గోనెసంచుల ప్యాకింగు, క్యూ, పైగా మనమొక రోజు చేరితే బండి ఇంకో రోజు చేరుతుంది. ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ళు ఫోన్లో చెప్పే రేటు ఒకటి, బండి దించేముందు చెప్పే రేటు ఇంకొకటి. కాబట్టి అందరికీ తెలిసిన దగ్గరి దారి ప్రైవేటు ట్రావెల్స్ బస్సు. మనం పైన స్లీపర్లో, బండి కింద డిక్కీలో. పొద్దున్నే ఇద్దరూ ఒకేసారి దిగుతారు. వినడానికి ఎంత బాగుందో!

ఎక్కించడం ఎలా ఉంటుందో ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర చాలాసార్లు నిలబడి చూశాను. ఇద్దరు మనుషులు ముందు చక్రం లేపి లోపలికి తోస్తారు. ఎత్తు చాలకపోతే అద్దాలు విప్పుతారు, హ్యాండిలు ఒక పక్కకి మడుస్తారు. అప్పటికీ పట్టకపోతే బండిని ఏకంగా పక్కకి పడుకోబెడతారు. ఒక నైలాన్ తాడు తీసుకుని సీటు మీంచి రెండు చుట్లు, ఒక ముడి. మిగిలిన సందుల్లో ప్రయాణికుల సూట్‌కేసులు. తలుపు వేసి ఒక్క చరుపు చరిచి "రైట్ రైట్".

ఒకసారి ఉండబట్టలేక క్లీనర్ని అడిగాను.

"అన్నా, పెట్రోలు తీసేశారా?"

"ఏం కాద్సార్, రోజూ ఏస్తున్నం. గట్టిగ కట్టినం."

నేనడిగింది పెట్రోలు గురించి, అతను చెప్పింది తాడు గురించి. అతని తప్పేమీ లేదు. రాత్రంతా మేలుకుని వెళ్ళే ఆ కుర్రాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు. నేర్పాల్సిన యజమానికి ఆ పార్సిలు డబ్బులు ముద్దు. కానీ ఆ జవాబులో రెండు పొరపాట్లున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది "గట్టిగా". బండి నిలబడి ఉన్నప్పుడు గట్టిగా ఉండటానికీ, డ్రైవరు సడన్ బ్రేకు వేసినప్పుడు గట్టిగా ఉండటానికీ చాలా తేడా ఉంది. క్లాసిక్ 350 బరువు దాదాపు 195 కిలోలు. అమెరికాలో లారీల్లో సరుకు ఎలా కట్టాలో ఒక నిబంధన ఉంది: ముందువైపుకి సరుకు బరువులో 80 శాతం, పక్కలకీ వెనక్కీ 50 శాతం బలాన్ని ఆ కట్టు తట్టుకోవాలి. అంటే మన క్లాసిక్‌కి ముందుకి 156 కిలోల తోపు. సీటు మీంచి వేసిన తాడు దేన్ని ఆపుతుంది? సీటు నురగ నొక్కుకుపోగానే తాడు వదులవుతుంది. నైలాన్ సాగుతుంది. పైగా తాడు కిందికి లాగుతోంది, బండి వెళ్ళాలనుకునేది ముందుకి. ఇంకో లెక్క కావాలంటే, గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న వస్తువుకి 25 మీటర్ల ఎత్తునుంచి కింద పడ్డంత శక్తి ఉంటుంది. ఎనిమిదో అంతస్తునుంచి ఒక బుల్లెట్టుని వదిలితే ఆపగలిగే తాడేనా మీది? (ఇది తొమ్మిదో తరగతి ఫిజిక్సు. గూగుల్ కూడా అక్కర్లేదు.)

రెండోది పెట్రోలు. ఇక్కడే అసలు ప్రమాదం. బండిని పడుకోబెడితే ట్యాంకు మూత దగ్గర గాలి రంధ్రంలోంచి చుక్కలు కారతాయి. పాత కార్బొరేటర్ బండ్లయితే ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కూడా కారతాయి. "ఆ నాలుగు చుక్కలకేనా?" అనకండి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, అందుకని పైకి పోకుండా డిక్కీ అడుగునే పరుచుకుంటుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. లెక్కకడితే ఒక్క లీటరు పూర్తిగా ఆవిరైతే పది ఘనపు మీటర్ల పైచిలుకు గాలిని అలా తయారుచెయ్యగలదు. డిక్కీలో ఒక అర నిండి ఇంకా మిగులుతుంది. మరి నిప్పురవ్వ ఎక్కడిది అంటారా? బస్సు నిండా వైరింగే. డిక్కీలో లైటు. బైకులోనే ఒక బ్యాటరీ, దాని పాజిటివ్ వైరు మీద ఎవరిదో ఇనప ట్రంకు పెట్టె.

వీటన్నిటికీ పైన, ఒక రేకు, ఒక ప్లైవుడ్ చెక్క దాటాక, ముప్ఫై మందికి పైగా తెరలు వేసుకుని నిద్రపోతుంటారు.

"అమెరికాలో అయితే..." అని మొదలుపెట్టేవాళ్ళంటే నాకూ చిరాకే. కానీ ఇక్కడ ఒక్క పోలిక తప్పదు. అక్కడ టాయ్ హాలర్ అని ఒకరకం క్యాంపింగ్ బండి దొరుకుతుంది. వెనక సగం గ్యారేజీ, ముందు సగం మంచాలూ వంటిల్లూ. వెనక తలుపే దించితే ర్యాంపు అవుతుంది, బైకుని దాని మీంచి లోపలికి ఎక్కిస్తారు. చూస్తే మన బస్సు ఏర్పాటే అనిపిస్తుంది: బండీ మనుషులూ ఒకే డబ్బాలో. తేడాలు చూడండి. నేలలో చాసిస్‌కి బిగించిన ఇనప రింగులుంటాయి, వాటికే బెల్టులు వేస్తారు. గ్యారేజీకి గాలి పోయే దారులుంటాయి. పెట్రోలున్న బండి లోపల ఉండగా అక్కడ పడుకోవద్దని తయారుచేసినవాళ్ళే హెచ్చరిక అంటిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, చాలా రాష్ట్రాల్లో కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోనే కూడదు. అందరూ ముందున్న ట్రక్కులో, బైకు వెనక డబ్బాలో. మంచాలు బండి ఆగాక వాడుకోవడానికి. విలాసం కోసం కొనే బండికే ఇన్ని జాగ్రత్తలుంటే, మన రాత్రి బస్సులో తాడూ, ఒక "ఏం కాదూ".

అసలు కింద బండ్లూ పైన నిద్రపోయే మనుషులూ ఉంటే ఏమవుతుందో సికింద్రాబాద్ వాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర ఒక భవనంలో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. కింద మంటలు లేచాయి, పొగ మెట్ల మీదుగా పైకి పాకింది. 8 మంది చనిపోయారు. పైన గదులు అద్దెకి తీసుకున్నవాళ్ళలో ఎంతమంది కింద ఏముందో ఆలోచించి ఉంటారు? బస్సు టికెట్టు కొనుక్కుని పై బెర్తులో పడుకునేవాడి పరిస్థితీ అంతే. ఈ ఉదాహరణ ఎలక్ట్రిక్ బండ్లది కూడా అని గుర్తుపెట్టుకోండి. "నాది ఈవీ, పెట్రోలే లేదు" అని డిక్కీలో పెట్టేవాళ్ళున్నారు. లిథియం బ్యాటరీ దెబ్బతిని అంటుకుంటే ఆర్పడం ఇంకా కష్టం.

ఇక 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కింద ఒక మోటార్‌సైకిల్ ఇరుక్కుంది. బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, 19 మంది ప్రయాణికులు నిద్రలోనే చిక్కుకుపోయి చనిపోయారు. అక్కడ బైకు డిక్కీలోది కాదు, రోడ్డు మీద పడి ఉన్నది. నిజమే. కానీ ఒక్క బైకు ట్యాంకు ఒక స్లీపర్ బస్సుని ఏం చెయ్యగలదో దానివల్ల తెలిసింది కదా. రోడ్డు మీద పొరపాటున ఎదురైతేనే అంత జరిగితే, దాన్ని మనమే డబ్బులిచ్చి మరీ లోపల పెట్టుకుంటామా?

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ మాటలు.

"ఇన్నేళ్ళుగా వేస్తున్నారు, ఎన్ని కాలాయి?" మా సాఫ్టువేరు వాళ్ళకి బాగా తెలిసిన వాదన ఇది. టెస్టు చెయ్యని కోడు కూడా ప్రొడక్షన్లో ఏళ్ళ తరబడి నడుస్తుంది, నడవని రోజు వచ్చేదాకా. మనకైతే ఆ రోజు రోల్‌బ్యాక్ ఉంటుంది. బస్సుకి ఉండదు.

"రైల్లో కూడా ప్యాసింజర్ బండికే పార్సిల్ వ్యాన్ ఉంటుందిగా?" ఉంటుంది. కానీ రైల్వేవాళ్ళు ట్యాంకు ఖాళీ చేస్తేగానీ బండి తీసుకోరు. ప్రమాదకర సరుకు రైల్లోకి తెస్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు. రైల్వే పార్సిల్ ఆఫీసుని మనం తిట్టుకునేది ఆలస్యానికీ, మొరటుతనానికీ. ఆ తిట్లలో నేనూ శ్రుతి కలుపుతాను. ట్యాంకు ఖాళీ చెయ్యమనడం మాత్రం వాళ్ళు చేసే మంచిపని.

"బస్సువాడికి పర్మిషను ఉండే ఉంటుంది." కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్ ఇచ్చేది మనుషుల్ని తీసుకెళ్ళడానికి. డబ్బులు తీసుకుని సరుకు వేసే లారీ పర్మిట్ కాదది.

"ఇన్సూరెన్సు ఉందిగా!" మీ పాలసీ థర్డ్ పార్టీ మాత్రమే అయితే మీ బండికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ పాలసీలో అయితే రోడ్డు మీదా రైల్లోనూ రవాణాలో జరిగే నష్టం కూడా మామూలుగా కలిసే ఉంటుంది, తీసి చదువుకోండి. అయినా అది మీ బండి సంగతి. పై బెర్తులో మనిషి సంగతి కాదు.

కాబట్టి నా మాట ఇదీ: మనుషులు పడుకుని వెళ్ళే బస్సులో బైకు ఎక్కించకూడదు. తాడు మంచిదా బెల్టు మంచిదా అన్న చర్చే అక్కర్లేదు. బైకుని రైలు పార్సిల్లోనో, సరుకు బండిలోనో పంపండి. ట్రాలీ ఆటో అయినా డీసీఎం అయినా, కట్టేటప్పుడు పక్కనే నిలబడి ఇవి చేయించండి:

1. పెట్రోలు తీసేయండి. పాత బండికి ట్యాంకు కింద కాక్ ఉంటుంది, గొట్టం లాగితే సరి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకి మెకానిక్ చేత తీయించండి. నోటితో పీల్చే వీరత్వం వద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి.

2. బండి నిటారుగా ఉండాలి, ముందు చక్రం డాలా గోడకో గట్టి చెక్క అడ్డుకో ఆనాలి. గేరు మొదటిదాంట్లో. స్టాండు మీద నిలబెట్టి కట్టకండి, కుదుపులకి బరువంతా స్టాండు మీద పడి వంగుతుంది.

3. తాడు కాదు, లారీవాళ్ళు వాడే రాచెట్ బెల్టులు, నాలుగు. ముందు రెండూ హ్యాండిలు కింద ఫోర్కుల్ని పట్టి ఉంచే బ్రాకెట్టు నుంచి, ముందుకీ చెరోపక్కకీ ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలు. హ్యాండిలు చివర్లకీ, అద్దాల కాడలకీ కట్టకండి.

4. ముందు షాకులు సగం దాకా దిగేవరకే బిగించండి. పూర్తిగా దించేస్తే ఆయిల్ సీళ్ళు పాడవుతాయి, అసలు దించకపోతే మొదటి గుంతలోనే బెల్టు వదులై కొక్కెం ఊడుతుంది.

5. వెనక రెండు బెల్టులు ఫ్రేము నుంచి వెనక్కీ పక్కలకీ. సీటు మీంచి మాత్రం వద్దు.

6. 20 కిలోమీటర్లు వెళ్ళాక ఆపి మళ్ళీ బిగించమనండి. కొత్తగా వేసిన బెల్టు ఎప్పుడూ కాస్త వదులవుతుంది.

గోనెసంచులూ, గడ్డీ, బబుల్ షీటూ ఇవన్నీ గీతలు పడకుండా. వాటిని చూసి బండి భద్రంగా ఉందనుకోకండి.

మా కాలనీకి పేరిచ్చిన ఏ.ఎస్.రావు గారు, ఆయన నిలబెట్టిన ఈసీఐఎల్, అణు విద్యుత్ కేంద్రాలకి కంట్రోలు పరికరాలు తయారుచేసిన సంస్థ. ఒక షరతు నెరవేరకపోతే తరవాతి స్విచ్చి పనిచెయ్యకుండా ఆపడం వాళ్ళకి రోజువారీ పని. ఆ గేటుకి కూతవేటు దూరంలో ఫుల్ ట్యాంకు బండిని మనుషుల మంచాల కింద తోస్తుంటే "ఇది ఆపు" అనే ఒక్క స్విచ్చి లేదు. రవాణా శాఖవాళ్ళు పెద్ద ప్రమాదం జరిగాక పదిరోజులు తనిఖీలు చేసి ఊరుకోకుండా, బస్సులు ఎక్కించే చౌరస్తాల్లో రోజూ సాయంత్రం డిక్కీలు తెరిపిస్తే చాలు. 2025లో చర్లపల్లిలో అంత పెద్ద రైల్వే టెర్మినల్ ప్రారంభించారు కదా, బైకులు పంపేవాళ్ళకి అక్కడ ఒక ర్యాంపూ, రింగులున్న వ్యాగనూ, వేళకి చేరే హామీ ఇస్తే ఈ కుర్రాళ్ళు ట్రావెల్స్ వైపు చూడనే చూడరు.

అవన్నీ జరిగేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. బస్సెక్కేముందు డిక్కీ తలుపు మూసేలోపు ఒక్కసారి లోపలికి చూడండి. బైకు కనిపిస్తే దించమనండి. "ఏం కాదు సార్" అంటారు. "అయితే నా టికెట్టు డబ్బులు వెనక్కివ్వు" అనండి. మీతోపాటు ఇంకో నలుగురు అదే మాటంటే, బైకు కిరాయికన్నా ఐదు టికెట్ల డబ్బు ఎక్కువన్న లెక్క యజమానికి మనం నేర్పక్కర్లేదు.