బలానికి కాగితం ఎందుకంటే...

పదో తరగతి అయ్యాక ఏమవుతావని మన బడిలో ఎవర్ని అడిగినా నర్సు అంటారు, టీచరు అంటారు, పోలీసు అంటారు. నేను ఫిట్‌నెస్ ట్రైనర్ అవుతానంటే మాత్రం అందరూ నవ్వేరు. మా మావయితే, "కొండమీద పుట్టినోళ్ళకి కసరత్తు ఇంకోడు నేర్పాలేటే? దానికి మళ్ళీ సర్టిఫికెట్టా?" అన్నాడు. మావ మాటలో సగం నిజముంది. మిగతా సగం ఎందుకు నిజం కాదో చెప్పాలని ఈ గోడపత్రికకి రాస్తున్నాను.

బలం మనకుంది, అది నిజం. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతాం. రోడ్డులేని ఊరినుంచి రోగిని డోలీ కట్టి మోసుకొచ్చేది మన అన్నదమ్ములే. పట్నంలో అయితే డబ్బులిచ్చి మరీ మిషను మీద ఉన్నచోటే నడుస్తారు. (ఈ సంగతి చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.)

కానీ ఆ బలంతో మావకి ఏం జరిగింది? సాలూరులో లారీలకి లోడింగు చేస్తాడు. నలభై ఇంకా దాటలేదు, పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాలి. బస్తా ఎత్తేటప్పుడు నడుం కాదు మోకాళ్ళు వంచాలని, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోవాలని, ఎత్తిన బరువుతో నడుం మెలితిప్పకూడదని అతనికి ఒక్కరూ చెప్పలేదు. బలం పుట్టుకతో వస్తుందేమో గాని దాన్ని వాడుకునే పద్ధతి ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది.

మన జిల్లావాడే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు అందరూ విన్నదే. ఛాతీమీద ఏనుగుని నిలబెట్టుకున్నారు, ఇనప గొలుసులు తెంపేరు, కలియుగ భీముడు అనిపించుకున్నారు. 1942లో చనిపోయినా ఈనాటికీ విశాఖ బీచిరోడ్డులో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. ఏనుగు సంగతి అందరూ చెబుతారు. ఇంకో సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన మద్రాసు దగ్గర సైదాపేటకి వెళ్ళి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాతే విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లో వ్యాయామ శిక్షకుడిగా చేరారు. అంత బలవంతుడు, నాకు నేర్పేదెవడని కూర్చోలేదు! తను బరువెత్తడం ఒకటి, పక్కవాడి చేత ఎత్తించడం ఇంకొకటి. రెండోదానికే ఆ కాగితం.

మన సాలూరు లారీల ఊరు కదా, ఆ లెక్కలోనే అడుగుతాను. లారీ తోలాలంటే హెవీ లైసెన్సు ఉండాలి, లేకపోతే పోలీసు ఆపుతాడు. మరి జిమ్ములో మనిషి చేత గుండె అదిరేలా పరుగెత్తించడానికి మన దేశంలో అలాంటి లైసెన్సు చట్టమేదీ లేదు. కండలుంటే చాలు, బనీను వేసుకుని ట్రైనర్ అయిపోవచ్చు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇదివరకు నేను చదివిన ఒక బడిలో ఆలస్యంగా వస్తే వంద గుంజీళ్ళు తీయించేవారు. రెండు రోజులు మెట్లు దిగలేకపోయేవాళ్ళం. ఆ వరసలో మొన్ననే జ్వరం తగ్గినవాళ్ళున్నారా, రక్తం తక్కువైనవాళ్ళున్నారా అని ఎవరూ అడగలేదు. చదువుకున్న ట్రైనర్ మొదటిరోజు చేసే పని వ్యాయామం చెప్పడం కాదు, అడగడం. గుండె జబ్బుందా, ఆయాసం వస్తుందా, ఏ మందులు వాడుతున్నావు అని.

మన గిరిజన పిల్లలకి ఇంకో ప్రశ్న తప్పకుండా ఉండాలి. అది సికిల్ సెల్ గురించి. ఈ జబ్బులో ఎర్ర రక్తకణం ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది, నొప్పులు తినేస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే జబ్బు, ఒక్కరి నుంచే వస్తే 'లక్షణం' మాత్రమే. లక్షణం ఉన్నవాళ్ళు మామూలుగానే ఉంటారు, చాలామందికి తమకి ఉందని కూడా తెలీదు. కానీ ఎండలో, నీళ్ళు తాగకుండా, అలవాటు లేకుండా ఒక్కసారిగా దౌడు తీయిస్తే వాళ్ళకీ ప్రాణం మీదికి రావచ్చు. 2006లో అమెరికాలో రైస్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కుర్రాడొకడు ప్రాక్టీసు పరుగుల్లో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. అతనికున్నది ఈ లక్షణమే. 2010 నుంచి అక్కడి మొదటి శ్రేణి కాలేజీ జట్లలో చేరేవాళ్ళకి ఈ రక్తపరీక్ష పెట్టారు. అలాగని వాళ్ళని ఆటలు మానిపించమని కాదు! నీళ్ళు ఇవ్వాలి, మధ్యలో ఆపాలి, రోజుకి కొంచెం చొప్పున పెంచాలి. ఇది తెలియని మనిషి చేతిలో విజిల్ ఉంటే నాకు భయం.

కాగితం లేనివాళ్ళు గొప్పవాళ్ళని తయారు చెయ్యలేదా అంటారు. చేసే ఉంటారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరికి మొదట బరువు పట్టుకోవడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న మాస్టారు. ఆమె 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. కానీ ఆ మాస్టారికి తెలిసింది ఊరికే వచ్చింది కాదు, ఆ పనిలో మునిగి నేర్చుకున్నది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ మత్స సంతోషి సంగతీ చూడండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో మూడోస్థానం వచ్చింది. గెలిచిన నైజీరియా పిల్ల నిషేధించిన మందులతో దొరకడంతో సంతోషికి వెండి పతకం దక్కింది. ఆ నైజీరియా పిల్లకి పదహారేళ్ళు. ఆ వయసులో మందు పేరైనా తెలుస్తుందా? డబ్బా పొడులు అమ్మే ట్రైనర్లని చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. మన చోడి అంబలి, గుడ్డు, పప్పు ఏం పాపం చేశాయి?

ఇక దారులు. ఇంటర్ తర్వాత డి.పి.ఎడ్., డిగ్రీ తర్వాత బి.పి.ఎడ్., ఒక్కొక్కటి రెండేళ్ళు. దానికి పీసెట్ 'రాయాలి' అంటారు గాని అక్కడ నిజానికి పరుగెత్తాలి, గుండు విసరాలి, దూకాలి. ఇందులో మనల్ని మించినవాళ్ళెవరు? పాటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థలో కోచ్ డిప్లొమా ఉంది. స్కిల్ ఇండియాలో ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు ఉంది. అమెరికా సంస్థల పరీక్షలూ ఉన్నాయి గాని రుసుం డాలర్లలో. వాటిలో నాకు నచ్చిన నిబంధన ఒక్కటే, గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం (నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు) ముందే నేర్చుకుని రావాలి. నాలుగు రోజుల్లో రంగుల కాగితం చేతిలో పెట్టేవాళ్ళ జోలికి పోవద్దు.

నా ఓటు డి.పి.ఎడ్.కే. బడిలోనూ పనికొస్తుంది, జిమ్ములోనూ పనికొస్తుంది. అంతకుముందు ఇంటర్లో బై.పి.సి. తీసుకుంటాను, ఎముకలూ కండరాలూ అందులోనే ఉంటాయి కదా. "ఆడపిల్లకి డ్రిల్లు మాస్టారి పనేటి?" అనేవాళ్ళని ఒక్కటి అడుగుతాను. నెలసరి రోజున కడుపునొప్పిగా ఉందని మగ మాస్టారికి మేము ఎలా చెప్పాలి? చెప్పలేక పరుగెత్తుతున్నాం.

అప్పటిదాకా ఒక చిన్న పని చెయ్యండి. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక పరీక్ష చేసి ఇచ్చిన కార్డులు మనలో కొందరికి ఉన్నాయి. చాలావరకు ట్రంకుపెట్టెల అడుగునే పడి ఉన్నాయి. అవి బయటికి తీసి, వచ్చే డ్రిల్లు పీరియడ్‌కి ముందే టీచరుగారికి చూపించండి. కార్డు లేనివాళ్ళు ఈసారి ఏ.ఎన్.ఎం. అక్క వచ్చినప్పుడు అడగండి.